గోరు జారింది, నోరూ జారింది

కిందటి వారం మనం ఆ పిల్లను షెడ్డు మధ్యలో, తెల్లటి పొగలో, పదిమంది నవ్వుతుండగా వదిలేసి వచ్చాం. అలా వదిలేయడం నాకూ నచ్చలేదు. పేజీ అయిపోతే రాసేవాడు మాత్రం ఏం చేస్తాడు? జరిగింది గుర్తున్నవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి, మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

ఈమె పని లోహాన్ని చల్లబరచడం. లావుపాటి ఉక్కు షాఫ్టును బాగా చల్లబరిస్తే అది రవ్వంత ముడుచుకుంటుంది. ముడుచుకుని ఉండగానే చక్రం నడుమ ఉన్న బెజ్జంలోకి దించేయాలి. మళ్ళీ మామూలు వేడికి వచ్చాక అది ఉబ్బి, ఏ సుత్తి దెబ్బకూ ఊడనంత గట్టిగా బిగుసుకుంటుంది. ఇందుకోసం ఆ కర్మాగారంలో మొదటినుంచీ తొట్టినిండా ద్రవ నైట్రోజన్ పోసి షాఫ్టును అందులో ముంచుతున్నారు. పోసినదాంట్లో సగం షాఫ్టుకు పనికొస్తే, సగం పొగై పైకప్పులోంచి బయటికి పోతుంది. "ముంచడమెందుకు, చల్లితే చాలదా?" అని ఈమె అడిగింది. చల్లి చూసింది. చాలలేదు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు పెనానికి అంటకుండా, తమ ఆవిరి మీద తామే ఎక్కి గంతులేస్తాయి కదా, ఇక్కడా అదే తంతు. మన చేతికి చల్లగా తగిలే ఉక్కు కూడా నైట్రోజన్‌కి కాలిన పెనమే. చుక్క ఆనదు, వేడి దిగదు.

అప్పుడు ఈమె అందరికీ తలకిందులుగా తోచిన పని ఒకటి చేసింది. వేడిని సరిగా దాటనివ్వని పూత ఒకటి షాఫ్టుకు మీగడకన్నా పలచగా వేసింది. చల్లబరచాల్సినదానికి దుప్పటి కప్పుతోందిరా అని షెడ్డంతా నవ్వారు. కానీ లోపలి వేడి వెంటనే అందకపోవడంతో ఆ పూత పైపొర చిటికెలో చల్లారిపోతుంది. చల్లారినచోట చుక్క అతుక్కుంటుంది. అతుక్కున్న చుక్క వేడిని జుర్రుకుంటుంది. తొట్టిలో ముంచినదానికన్నా త్వరగా, అంతకన్నా ఎంతో తక్కువ నైట్రోజన్‌తో షాఫ్టు చల్లబడింది. చేసిన ప్రతిసారీ చల్లబడింది.

ఆ చక్రాలు కొనేవాళ్ళు పరీక్ష చూడడానికి వచ్చిన రోజు మాత్రం చల్లబడలేదు. చుక్కలు గంతులేశాయి, షాఫ్టు చక్రంలోకి దిగనని మొండికేసింది. అప్పుడు మేనేజరు, అందరూ పెద్దసారు అనే ఆయన, వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "లేనిది ఉన్నట్టు చెప్పుకోవడం మావాళ్ళకి అలవాటే లెండి" అని నవ్వాడు. కిందటి వారం మనం ఆగింది ఆ నవ్వు దగ్గరే.

ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిట్టి ఉంటే పోయేది. తిట్టినవాడికి ఎదురు తిట్టొచ్చు. నవ్వినవాడిని ఏం చేస్తాం?

మర్నాడు పొద్దున్నే పెద్దసారు నుంచి పిలుపు వచ్చింది. కొనేవాళ్ళు పక్క గదిలో కూర్చుని ఉన్నారు, చివరి మాట చెప్పి వెళ్ళిపోతారట. రెండు గదులకూ మధ్య ఒకటే తలుపు. అవతల కప్పులూ సాసర్లూ చప్పుడవుతున్నాయి. ఇవతల పెద్దసారు తన తిరిగే కుర్చీలో అటూ ఇటూ ఊగుతున్నాడు. ఆయన బల్లమీద, తెల్లటి గుడ్డ పరిచి, ఆ షాఫ్టునే పెట్టుకున్నాడు! నిన్న పరీక్ష అవగానే "ఇక దాని జోలికి రాకు" అని ఈమెను ముట్టుకోనివ్వకుండా తీయించి తెచ్చుకున్నది ఇక్కడికన్నమాట. కిటికీలోంచి పడుతున్న వెలుగులో అది తళతళలాడిపోతోంది.

"కూర్చోమ్మా" అన్నాడు.

ఆమె కూర్చోలేదు.

"చూడు, నాకు నీ మీద కక్షేం లేదు. చిన్నదానివి, ఉత్సాహపడ్డావు. ఏదో ఒకసారి రెండుసార్లు బాగా వచ్చి ఉంటుంది, మిగతావి కల్పించుకుని ఉంటావు. ఆ మాటే వాళ్ళ దగ్గర ఒప్పుకో. మళ్ళీ తొట్టి పద్ధతికే పోతాం. నిన్ను వేరే పనిలో వేస్తాను."

"నేనేమీ కల్పించుకోలేదు సార్."

"మరి నిన్న ఏమైంది? మేమందరం గుడ్డివాళ్ళమా?"

నిన్న రాత్రంతా ఆమె తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే. నాజిల్ తప్పా? గాలిలో తేమా? ఇంటిల్లిపాదీ తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. అత్తగారు వచ్చి, "పోనీలేవే, లోహమేగా, మనిషి కాదు కదా" అని ఓదార్చబోతే ఆవిడ మీద కూడా విసుక్కుంది.

ఆమె చేయి బల్లమీదికి పోయింది. ఏం తోచనప్పుడు పూత వేసిన ముక్కను గోటితో గీరి చూసుకోవడం ఆమెకు అలవాటు. పూత ఉన్న లోహం మీద గోరు కాస్త పట్టినట్టు ఆగి ఆగి వెళ్తుంది. షాఫ్టు మీద గోరు పెట్టి లాగింది.

గోరు సర్రున జారిపోయింది.

మళ్ళీ లాగింది. తిప్పి ఇంకోవైపు లాగింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎక్కడా పట్టు లేదు. పూత లేదు. వట్టి ఉక్కు! నిన్న వచ్చినవాళ్ళ ముందు పెద్దసారే స్వయంగా దాని మీది గుడ్డ తీశాడు. ఈమె గాజు తెర వెనక వాల్వు దగ్గర ఉంది. వాళ్ళెవరో "ఎంత మెరుస్తోందో" అనడం వినిపించింది. దీపాల వెలుగేమో అనుకుంది. ఆ తరవాత అంతా పొగే.

"సార్! దీనికి పూత ఏదీ?"

"ఏ పూత?"

"నేను వేసిన పూత! ఎవరో గీకేశారు. పూత లేని ముక్క మీద చల్లితే చుక్కలు గంతులేయక ఏం చేస్తాయి? నిన్న జరిగింది నా పరీక్షే కాదు."

పెద్దసారు ఊగడం ఆపాడు. "ఓహో, ఇప్పుడు ఇంకో కథా?"

"కథ కాదండీ. మీరే గోరు పెట్టి చూడండి."

"గోళ్ళతో గీరి చూసే వయసు కాదు నాది."

వింటున్నారా? వేలు చాపితే తగిలేంత దూరంలో ఉంది నిజం. ఒక గోరు ఖర్చు. అదీ పెట్టనన్నాడు! చూస్తే తెలిసిపోతుందని భయం ఉన్నవాళ్ళే చూడడానికి వయసు అడ్డం పెట్టుకుంటారు.

ఆమెకు కోపం నషాళానికంటింది. రాత్రంతా తనమీద తనకు కలిగిన అనుమానం, పదిమందిలో పడ్డ సిగ్గు, ఆ నవ్వు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"మీరు చూడకపోతే మానెయ్యండి. నాకు మాత్రం ఎవరో తెలియాలి. నన్ను అబద్ధాలకోరును చేసినవాళ్ళు హాయిగా ఈ గేటులోంచి వస్తూ పోతూ ఉంటే నేను ఊరుకోను. వాళ్ళెవరైనా సరే, ఎంత పెద్దవాళ్ళైనా సరే, రేపటినుంచి ఇక్కడ అడుగు పెట్టడానికి వీల్లేదు. వాళ్ళు గానీ, నేను గానీ!"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. పెద్దసారు ముఖంలోకి మెల్లగా ఒక చిరునవ్వు వచ్చింది. ఫోను ఎత్తి, "బఫింగు చక్రం దగ్గరనుంచి మెరుగు మామని ఒకసారి రమ్మనండి" అన్నాడు.

ఆమె అప్పుడు కూర్చుంది.

మెరుగు మామ అంటే ఎవరో చెప్పాలి. కర్మాగారంలో లోహానికి మెరుగు పెట్టే పని ఆయనది. చిన్నా పెద్దా అందరికీ ఆయన మామే. యజమాని కూడా మామా అనే పిలుస్తాడు. ఇంతమందిలో నిజంగా మామా అని పిలిచే హక్కున్నది మాత్రం ఒక్క ఈమెకే, ఎందుకంటే ఆయన ఈమె మామగారు. ఈమె భర్తను కన్న తండ్రి. కోడలు చదువుకున్నదని, తను పనిచేసే చోటే పరీక్షలు చేసే ఉద్యోగం సంపాదించుకున్నదని, దారినపోయేవాళ్ళను ఆపి చెప్పుకునే మనిషి.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వేళ్ళ సందుల్లో మెరుగు ముద్ద ఎర్రగా పేరుకుని ఉంది. బల్లమీద షాఫ్టును చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"ఇక్కడ పెట్టుకున్నారా సార్! ఎలా ఉంది? అందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు."

"నువ్వే చేశావా మామా?" పెద్దసారు ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"నేను కాక ఇంకెవరున్నారు సార్? పైన ఏదో మసకలా, జిడ్డులా పట్టి ఉంది. పట్టుకుంటే ఓ పట్టాన వదల్లేదు. అది పోయేదాకా చక్రం మీద పట్టాను. మా అమ్మాయి పరీక్షాయె, వచ్చినవాళ్ళ ముందు మాసిన బట్టలతో నిలబెట్టినట్టు ఉండకూడదని."

కోడలు కళ్ళు మూసుకుంది.

"మామయ్యా, ఆ మసకే పూత."

ఆయనకు ముందు అర్థం కాలేదు. కోడలివంక, షాఫ్టువంక, మళ్ళీ కోడలివంక చూశాడు. "పూతంటే... రంగు వేసినట్టు కనబడుతుంది కదమ్మా? అది నువ్వు చల్లే ముందు వేస్తావనుకున్నానే." ఆ మాట అంటుండగానే ఆయనకు తెలిసిపోయింది. తుడుచుకుంటున్న గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. "అంటే నిన్న... నా వల్లేనా తల్లీ?"

నిన్న సాయంత్రం నుంచి ఈ మనిషి కోడలి ముఖం చూడలేక పెరట్లో ఒంటరిగా కూర్చున్నాడు. ఎవరో పిల్లకు దిష్టి పెట్టారని భార్య దగ్గర గొణిగాడు. ఆ ఎవరో తనే అని ఇప్పుడు, పెద్దసారు గదిలో, చేతికి మెరుగు ముద్దతో తెలుసుకున్నాడు.

"మీకు ఎవరు చెప్పారు మామయ్యా రుద్దమని?" ఆమె గొంతు తగ్గిపోయింది. ఇందాకటి కోపం ఎవరిమీద పెట్టాలో తెలియడం లేదు.

"ఎవరేంటమ్మా, సారే కదా! నువ్వూ అక్కడే ఉన్నావు. ముందురోజు షెడ్డులోకి వచ్చి, మనిద్దరి ముందే, దీని మీద చెయ్యేసి అన్నారు కదా. 'రేపటికి ఇది ఇంకాస్త మెరుగవ్వాలి' అని. మెరుగవ్వాలంటే ఎవరి పని? నా పనే కదా?"

ఆమెకు గుర్తొచ్చింది. ఒక్క ముక్క కూడా తేడా లేదు. పెద్దసారు నడుస్తూ నడుస్తూ అన్న మాట అది. ఇంకాస్త మెరుగవ్వాలి. ఆ మాట విని ఆమె ఫలితం ఇంకా బాగుండాలి కాబోలు అనుకుని, వెళ్ళి నాజిల్ సర్దుకుంది. అదే మాట విని ఆయన చక్రం తిప్పుకున్నాడు. జ్వరం తగ్గితే మెరుగంటాం, చదువు అబ్బితే మెరుగంటాం, కానీ బతుకంతా చక్రం ముందు కూర్చున్నవాడికి మెరుగంటే మెరుగే. ఇద్దరూ చెప్పిన మాట విన్నారు. ఇద్దరూ చెప్పిన పనే చేశారు. ఒకరి పని ఒకరు తుడిచిపెట్టారు.

ఆమెకు నవ్వొచ్చింది. నిజంగానే, నిన్నటినుంచి మొదటిసారి, గుండె తేలికై నవ్వొచ్చింది. ఇంతేనా! ఒక మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా పడింది, అంతే. ఇప్పుడు పెద్దసారు కూడా నవ్వుతాడు, ఆ తలుపు తీసి, "పొరపాటైంది, ఇంకోసారి చూద్దురుగాని రండి" అంటాడు. మళ్ళీ పూత వేసి చల్లితే సరి. ఆమె ఆయనవంక చూసింది.

మీరైనా నేనైనా ఆ కుర్చీలో ఉంటే అదే చేసేవాళ్ళం.

"నేనలా అనలేదు" అన్నాడు పెద్దసారు.

గది చల్లబడింది.

"అన్నారు సార్" ఆమె లేచి నిలబడింది. "నేనూ విన్నాను."

"నువ్వు వింటావమ్మా, ఎందుకు వినవు? ఒకే ఇంటివాళ్ళు. ఒకళ్ళు అనడం, ఇంకొకళ్ళు అవుననడం. నిన్న నీ మాట నమ్మినందుకే నలుగురిలో నాకు తల కొట్టేసినట్టయింది."

"మీరు నమ్మారా? నలుగురిలో నవ్వారు! తప్పు పట్టడం వేరు సార్, అడగనైనా అడక్కుండా అబద్ధాలకోరని ముద్రవేయడం వేరు. ఇప్పుడు మీ నోటితో అన్న మాట మీరే అనలేదంటున్నారు. లేనిది చెబుతున్నదెవరు?"

"గొంతు తగ్గించు. పక్కన మనుషులున్నారు." పెద్దసారు తలుపువైపు ఒకసారి చూసి, ముందుకు వంగాడు. ఆయన గొంతులో మళ్ళీ ఆ ఆప్యాయత వచ్చింది. "సరే, ఆవేశాలు వద్దు. నీకు కావలసింది ఏమిటి? నువ్వు అబద్ధం ఆడలేదని తెలియాలి, ఇంకో పరీక్ష జరగాలి. రెండూ జరుగుతాయి. పూత పోయిందని వాళ్ళకి చెబుదాం. ఎలా పోయిందంటే ఏదో ఒకటి చెప్పాలి కదా? తొట్టిలో ముంచిన షాఫ్టులకి మరకలు పడతాయి. ఆ మరకలు పోగొట్టడమే ఈయన పని. నీ పద్ధతి వస్తే మరకలుండవు, ఈయనకి పనుండదు. అందుకని కావాలనే చెరిపేశాడు. ఎవరడిగినా నమ్ముతారు. నువ్వు అవునంటే చాలు."

"సార్!"

"నువ్వే కదమ్మా అన్నావు, ఎవరైనా సరే గేటు లోపలికి రానివ్వొద్దని? ఎంత పెద్దవాళ్ళైనా సరే అని? నీ మాటే నేను నిలబెడుతున్నాను."

తన మాటే తనకు ఎదురు తిరగడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. ఈ మనిషి చేయవలసింది ఒక్కటే: అవును, అన్నాను, అనడం. అది అంటే ఆయన సొమ్మేం పోదు. కానీ అది తప్ప లోకంలో ఏమైనా చేస్తాడు. ఒక పిల్లను దొంగ లెక్కలదాన్ని చేస్తాడు, ఒక ముసలివాణ్ణి ద్రోహిని చేస్తాడు, ఆ ఇంట్లో రేపు పొద్దున ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటారన్నది ఆయనకు పట్టదు.

"ఛీ" అంది ఆమె. ఇంకా ఏదో అనబోయింది.

"అవును సార్" అన్నాడు మామ.

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు. ఆయన ఎవరివంకా చూడడం లేదు. గుడ్డను మడత మీద మడత పెడుతున్నాడు.

"కావాలనే చేశాను. పని పోతుందని... భయమేసి చేశాను. అమ్మాయికి ఏం తెలీదు. దాని లెక్కలన్నీ నిజమే. వాళ్ళకి అలాగే చెప్పండి."

పుట్టి బుద్ధెరిగాక ఆయన అబద్ధం ఆడింది బహుశా అదే మొదటిసారి. చెవులు ఎర్రబడిపోయాయి. ముందే నేర్చుకుని వచ్చినట్టు గబగబా అప్పజెప్పేసి, ఇక నన్ను పొమ్మంటే పోతానన్నట్టు నిలబడ్డాడు.

"మామయ్యా, ఏంటండీ ఆ మాటలు?" ఆమెకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. "మిమ్మల్ని ఎవరు అడిగారు నా కోసం దొంగవ్వమని? మీ చేత్తో మెరిసింది తప్ప మాసింది ఒక్కటి చూపించండి ఈ కర్మాగారంలో! రేపు మీ అబ్బాయికి నేనేం చెప్పాలి? నా ఉద్యోగం నిలబడింది, మీ నాన్నని గెంటించానని చెప్పాలా?"

"ఊరుకో తల్లీ. నాకింకెన్నాళ్ళు? నీకు ముందుంది."

"అదిగో, ఒప్పుకున్నాడు కూడా" అన్నాడు పెద్దసారు. కుర్చీ మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. "ఇక నువ్వు నోరు విప్పనక్కర్లేదు. ఊరికే నా పక్కన నిలబడు. మిగతాది నేను చూసుకుంటాను."

నోరు విప్పనక్కర్లేదు! ఊరికే నిలబడితే చాలు, ఆమె గెలుస్తుంది. పూత గెలుస్తుంది, చల్లే పద్ధతి వస్తుంది, ఆమె మాటకు మళ్ళీ విలువ వస్తుంది. విప్పితే, ఆమె దగ్గర ఉన్నదల్లా తన మాట ఒక్కటే. నిన్న పదిమందిలో అబద్ధమని తేల్చేసిన నోటి మాట. ఎవరు నమ్ముతారు?

పక్క గదిలో కుర్చీలు జరిగిన చప్పుడైంది. వాళ్ళు లేస్తున్నారు.

ఆమె తలుపువైపు నడిచింది.

"ఎక్కడికి?" పెద్దసారు గొంతు మారింది. "చూడు, ఆ తలుపు తీశావంటే ఇక నీకు..."

ఆమె తలుపు తీసింది.

కొనేవాళ్ళు నలుగురూ సంచులు భుజాన వేసుకుని బయల్దేరబోతున్నారు. వాళ్ళలో పెద్దావిడ, నిన్న చుక్కల గంతులు చూసి నవ్వనిది ఈవిడొక్కతే, కళ్ళజోడు సర్దుకుంటూ ఆగింది.

"ఒక్క నిమిషం అమ్మా" అంది కోడలు. గొంతు వణికింది. వణకనిచ్చింది. "నిన్న మీరు చూసింది వట్టి ఉక్కు. నా పూత దాని మీద లేదు. అది చెరిగిపోయింది. నన్నేమో అబద్ధాలకోరన్నారు, ఇప్పుడు మా మామయ్యని ద్రోహి అనబోతున్నారు. ఆయన కూడా అవునంటారు, నన్ను కాపాడడానికి. నమ్మకండి. తప్పు నాది కాదు, ఆయనదీ కాదు."

"మరి ఎవరిదమ్మా?" పెద్దావిడ అడిగింది.

"ఒక మాటది. ఆ మాట అన్నదెవరో మేం చెబితే మీరు నమ్మరు, ఇద్దరం ఒకే ఇంటివాళ్ళం. అందుకని అన్నాయన్నే అడగండి. నిన్న మా అబద్ధాల గురించి చెప్పింది కూడా ఆయనే కదా."

అని ఆమె గుమ్మానికి అడ్డం తప్పుకుంది.

లోపల, ఆ తళతళలాడే షాఫ్టు వెనక, పెద్దసారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆయన పక్కన మెరుగు మామ తలవంచుకుని నిలబడ్డాడు. నలుగురూ గుమ్మంలోకి వచ్చి నిలుచున్నారు.

పెద్దసారు గొంతు సవరించుకుని, నోరు తెరిచాడు. ఇక్కడికి మళ్ళీ పేజీ అయిపోయింది, ఆయన ఏమన్నాడో వచ్చే వారం.